బంగినపల్లి తోటలో పూత కాయగా నిలవాలంటే: కోత అయిన రోజు నుంచి మళ్లీ కోత దాకా

"పూత విరగబూసింది, పిందె మాత్రం నిలవలేదు. ఇప్పుడు ఏ మందు కొట్టమంటారు?" జనవరి నుంచి మార్చి దాకా నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అప్పటికి మందుతో చేయగలిగింది చాలా తక్కువ. డిసెంబరులో కనిపించే పూత జులైలో వచ్చిన చిగురు మీద ఆధారపడుతుంది. చలి, మంచు, తుపాను మన చేతిలో లేవు. ఆ చలి వచ్చేనాటికి కొమ్మ ముదిరి ఉందా, నేల ఆరి ఉందా, చెట్టు లోపలికి వెలుతురు పోతోందా అన్నవి మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉన్నాయి.

మాది నూజివీడు వైపు బంగినపల్లి తోట. పదేళ్లు దాటిన కాపు తోటను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. వరుస ముఖ్యం, మధ్యలో ఒక మెట్టు వదిలేస్తే తర్వాత పెట్టిన ఖర్చు చాలావరకు వృథా అవుతుంది.

## 1. ముందు మీ ఊరి వాతావరణాన్ని రాసుకోండి

మామిడికి ఒకే క్యాలెండర్ అన్ని ఊళ్లకూ పనికిరాదు. జగిత్యాల వైపు డిసెంబరు రాత్రులు బాగా చల్లగా ఉంటాయి. పూత రావడానికి అక్కడ చలి కొరత ఉండదు. కానీ చలి మరీ ఎక్కువైతే విచ్చిన పువ్వులో పుప్పొడి సరిగా పనిచేయదు, మార్చి, ఏప్రిల్‌లో వడగళ్ల భయం కూడా ఉంటుంది.

మా కోస్తాలో చలి అంతంతమాత్రం. అందుకే ఇక్కడ కొమ్మ వయసు, నేల ఎండడం ఇంకా ముఖ్యం. చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు నవంబరు, డిసెంబరు దాకా సాగుతాయి కాబట్టి పూత ఆలస్యమవుతుంది.

రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 18 డిగ్రీలకు దిగి కొన్నాళ్లు అలాగే ఉంటే ముదిరిన కొమ్మ పూతకు తిరుగుతుంది. మధ్యలో రాత్రులు మళ్లీ వేడెక్కితే పూతగెల మధ్యలో ఆకులు కలిసి వస్తాయి. అలాంటి గెలలు చూసి తెగులేమోనని కంగారుపడి మందు కొట్టేవాళ్లున్నారు. అది వాతావరణం చేసిన పని, తెగులు కాదు.

తోటలో పెట్టుకోవాల్సినవి:
- కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటరు. ఎండ తగలకుండా నీడలో కట్టాలి.
- వాన కొలిచే సీసా.
- ఒక నోటుబుక్కు. చిగురు వచ్చిన తేదీ, వాన పడిన తేదీ, మొదటి పూత, మందు కొట్టిన రోజు, కోత రోజు అందులో రాయాలి.

మూడేళ్లు రాస్తే మీ తోట తీరు మీకే తెలిసిపోతుంది.

## 2. కోత అయిన వెంటనే కత్తిరింపు

ఎక్కువ తోటల్లో ఎగ్గొట్టే పని ఇది. "కాసే చెట్టు మీద కత్తి పెట్టకూడదు" అన్నమాట మా ఇంట్లోనూ ఉండేది. నాన్న పెద్ద కొమ్మ మీద రంపం ఆననిచ్చేవారు కాదు. చివరికి గట్టు పక్కనున్న ఆరు చెట్లకు మాత్రం ఒప్పుకున్నారు. మరుసటి జనవరిలో ఆయనే నన్ను పిలిచి ఆ చెట్ల కిందకు తీసుకెళ్లారు. నేల మీద ఎండ రూపాయి బిళ్లల్లా పరుచుకుని ఉంది, చెట్టు లోపలి కొమ్మల మీద కూడా గెలలు వేలాడుతున్నాయి. పక్క వరుసలో పూత పైన గొడుగులా ఉంది, లోపలంతా మసి పట్టిన ఆకులే. ఆ ఏడాది కోత కాగానే మిగతా చెట్లకు రంపం ఆయనే తెప్పించారు.

చేసే వరుస:
- మిట్టమధ్యాహ్నం చెట్టు కింద నిలబడండి. నేల మీద ఎండ చుక్కలు లేకపోతే ఆ చెట్టుకు కత్తిరింపు తప్పనిసరి.
- ముందు ఎండిన, తెగులు పట్టిన కొమ్మలు, కిందటేటి ఎండు పూతగెలలు తీసేయండి.
- తర్వాత చెట్టు నడిమధ్యలో నిటారుగా పోయిన కొమ్మలు ఒకటో రెండో తీసి నడినెత్తి తెరవండి.
- ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మల్లో బలహీనమైనది తీయండి.
- కాయ కోసిన కొమ్మల చివర జానెడు మేర కత్తిరిస్తే కొత్త చిగురు అంతా ఒకేసారి వస్తుంది.
- పెద్ద గాయాలకు కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను నీళ్లలో చిక్కగా కలిపి పూయండి.

గడువు: జులై నెలాఖరు. ఆగస్టు దాటాక కత్తిరిస్తే చిగురు అక్టోబరులో వస్తుంది, అది డిసెంబరుకు ముదరదు. ఆలస్యమైతే ఆ ఏటికి ఎండుకొమ్మలు తీసి వదిలేయడమే మేలు.

ముదురు తోట మొత్తాన్ని ఒకే ఏడు బోడి చేయకండి. మూడేళ్లలో కొంచెం కొంచెంగా తెరవండి.

## 3. ఎరువు ఎక్కడ, ఎంత

మొదటి వానలు పడి నేల పదునెక్కాక, మృగశిర, ఆరుద్ర కార్తెల్లో ఈ పని మొదలుపెట్టాలి. పదేళ్లు దాటిన చెట్టుకు ఏడాదికి నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కొక్కటి కిలో చొప్పున అన్నది సాధారణ లెక్క. బస్తాల భాషలో చెప్పాలంటే:

- పశువుల ఎరువు 50 కిలోలు
- యూరియా సుమారు 2.2 కిలోలు
- సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 6.25 కిలోలు
- మ్యూరేట్ ఆఫ్ పొటాష్ సుమారు 1.7 కిలోలు

పశువుల ఎరువు మొత్తం ఇప్పుడే వేసేయండి. రసాయన ఎరువుల్లో మూడింట రెండు వంతులు ఇప్పుడు, మిగిలిన వంతు పిందె బఠాణీ గింజంత అయ్యాక వేయాలి. ఇది పరీక్ష చేయించని నేలకు లెక్క. మట్టి పరీక్ష చేయిస్తే దాని ప్రకారమే వెళ్లండి.

చాలామంది ఎరువును మొదలు దగ్గర పోస్తారు. పీల్చే వేళ్లు అక్కడ ఉండవు. మధ్యాహ్నం నీడ అంచు ఎక్కడ పడుతుందో దానికి కొంచెం లోపలగా చుట్టూ జానెడు లోతు గాడి తీసి, ఎరువు వేసి మట్టి కప్పండి.

సాళ్ల మధ్య జనుము గానీ జీలుగ గానీ చల్లి, పూతకొచ్చినప్పుడు కలియదున్నండి. కొత్త చిగురు ఆకులు చిన్నవిగా, పాలిపోయి ఉంటే జింకు లోపం. లీటరుకు 5 గ్రాముల జింకు సల్ఫేటు పిచికారీ చేయాలి.

సెప్టెంబరు తర్వాత పిందె కట్టేదాకా నేలకు యూరియా వేయకండి. అది చెట్టును పూత నుంచి చిగురు వైపు లాగుతుంది.

## 4. కల్టార్ వాడాలా, వద్దా

పాక్లోబుట్రజాల్ మందునే అందరూ కల్టార్ అంటారు. చిగురు పెరుగుదలను ఆపి చెట్టును పూత వైపు తిప్పుతుంది. ఏడాది విడిచి ఏడాది కాసే బంగినపల్లిలో కాపు లేని ఏడు దీనితో కొంత కాపు తెచ్చుకోవచ్చు. అయినా ప్రతి ఏడూ, ప్రతి చెట్టుకూ పోయడం తప్పని నా గట్టి అభిప్రాయం.

వాడేట్టయితే:
- చెట్టు ఆరోగ్యంగా, కొత్త చిగురుతో ఉండాలి. నీరసించిన చెట్టుకు, కిందటేడు విరగకాసిన చెట్టుకు వద్దు.
- కొమ్మల విస్తీర్ణం ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచి, మీటరుకు 3 మి.లీ. చొప్పున (23 శాతం మందు) తీసుకోవాలి. ఆరు మీటర్ల చెట్టుకు 18 మి.లీ.
- పది లీటర్ల నీళ్లలో కలిపి, వేళ్లున్న మేర చుట్టూ చిన్న గుంతల్లో పోయాలి.
- జులై, ఆగస్టుల్లో నేల తడిగా ఉన్నప్పుడే పోయాలి. ఎండిన నేలలో పోస్తే పనిచేయదు.
- ఈ మందు నేలలో నిలవ ఉంటుంది. ఏటేటా అదే మోతాదు పోస్తే కణుపులు దగ్గరపడి, గెలలు ముద్దగా వచ్చి చెట్టు గిడసబారుతుంది.

కల్టార్ పోసిన చెట్టుకు ఎరువు, నీళ్లు (అక్టోబరు నుంచి నీళ్లు ఆపే రోజులు తప్ప) తగ్గించకూడదు. ఎక్కువ కాపు మోసే చెట్టుకు ఎక్కువ తిండి కావాలి.

## 5. అక్టోబరు నుంచి నీళ్లు ఆపేయడం

ఇక్కడే ఎక్కువ తోటలు దెబ్బతింటాయి. అక్టోబరు నుంచి పిందె కట్టేదాకా తోటకు చుక్క నీరు పెట్టకూడదు. నేల ఎండి చెట్టు కొంచెం దాహంతో ఉంటే ముదిరిన కొమ్మ కొత్త చిగురు వేయకుండా ఆగుతుంది, చలి తగలగానే పూత వేస్తుంది.

వినడానికి సులువే. కానీ బోరులో నీళ్లున్నాయి, కరెంటు ఉంది, చెట్టు వాడినట్టు కనిపిస్తోంది, ఎలా చూస్తూ ఊరుకుంటాం అనిపిస్తుంది. ఒక ఏడు నేను రెండు సాళ్ల మధ్య వంకాయ వేసి నవంబరులో నీళ్లు పెట్టాను. ఆ వంకాయ మడిని ఆనుకున్న రెండు వరుసలూ సంక్రాంతికి రాగి రంగు చిగురుతో కళకళలాడాయి, ఒక్క గెల లేదు. నీళ్లు అందని మూడో వరుస నుంచి తెల్లగా పూసింది. నేల ఒకటే, ఎరువు ఒకటే, చలి ఒకటే. అప్పటి నుంచి అక్టోబరు తర్వాత సాళ్ల మధ్య నీటి పంట వేయలేదు.

కొమ్మ ముదిరిందో లేదో చూడటం:
- చివరి ఆకును చేత్తో మడవండి. మెత్తగా వంగితే ఇంకా లేత, పెళుసుగా విరిగితే ముదిరినట్టు.
- ఆకు రంగు ముదురు ఆకుపచ్చగా ఉండాలి.
- చివరి మొగ్గ ఉబ్బి గుండ్రంగా ఉండాలి.
- నోటుబుక్కు ప్రకారం ఆ చిగురుకు నాలుగు నెలలు దాటాలి.

ఈ నాలుగూ సరిపోయి, చలి మొదలైనా మొగ్గ కదలకపోతే అప్పుడు పొటాషియం నైట్రేట్ (13-0-45) లీటరుకు 10 గ్రాములు, యూరియా 5 గ్రాములు కలిపి నవంబరు చివర లేదా డిసెంబరులో ఆకులు తడిసేలా కొట్టండి. లేత కొమ్మ మీద కొడితే చిగురే వస్తుంది. "మందు పనిచేయలేదు" అని నాతో చెప్పినవాళ్లలో సగంమంది ఆకు విరిచి చూడలేదు.

## 6. నవంబరులో వాన పడితే

స్వాతి కార్తెలో జల్లు పడితే పెద్దగా నష్టం లేదు. ఆ తర్వాత వచ్చే ముసురే కష్టం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుపాను సరిగ్గా మొగ్గ కదిలే వేళకు వస్తుంది.

వాన తగ్గగానే ఈ వరుసలో చేయండి:

1. నిలిచిన నీటిని అదే రోజు కాలువ తీసి బయటకు పంపండి. పాదులు తెగ్గొట్టండి.
2. వారం ఆగి కొమ్మలు చూడండి. చిగురు వచ్చిన చెట్లు ఎన్ని, రానివి ఎన్ని లెక్క రాయండి. చాలాసార్లు చెట్టుకు ఒక పక్కే చిగురిస్తుంది.
3. చిగురు రాని చెట్లకు ఏమీ చేయకండి. చలి తిరిగి వస్తే అవి పూస్తాయి.
4. చిగురు వచ్చినవాటికి 0-52-34 ఎరువు (మోనో పొటాషియం ఫాస్ఫేట్) లీటరుకు 5 నుంచి 10 గ్రాములు కొడితే ఆకు త్వరగా ముదరడానికి తోడ్పడుతుంది.
5. ఆ లేత చిగురు రసాన్ని తేనెమంచు పురుగు పీల్చకుండా, ఆకుల్ని ఆకుగూడు పురుగు తినకుండా కాపాడుకోండి.
6. ఆ కొమ్మల మీద పూత ఆలస్యంగా వస్తుంది, లేదా ఆ ఏడు రాదు. దానికి తగ్గట్టు ఖర్చు తగ్గించుకోండి.

ఈ దశలో అంగట్లో పూత మందులంటూ రంగురంగుల డబ్బాలు ముందు పెడతారు. టెన్షన్‌లో ఉన్నప్పుడు ఏదో ఒకటి కొట్టాలనే అనిపిస్తుంది. డబ్బా మీద అందులో ఏముందో రాసి లేకపోతే కొనకండి.

## 7. పూత నుంచి పిందె దాకా

ఒక్కో గెలలో వందల పువ్వులుంటాయి. వాటిలో చాలావరకు మగపువ్వులే. మిగిలినవాటిలోనూ కోతదాకా మిగిలేవి గెలకు ఒకటో రెండో. కాబట్టి పూత రాలుతుంటే భయపడకండి. గెల నల్లబడుతోందా, జిగురు కారుతోందా, బూడిద చల్లినట్టుందా అన్నదే చూడండి.

ఏ వాతావరణానికి ఏ బెడద:
- పగలు మబ్బు, రాత్రి చలి, పొద్దున మంచు: బూడిద తెగులు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఎండ ముదిరాక గంధకం కొడితే పిందె మాడుతుంది, అప్పుడు హెక్సాకొనజోల్ 2 మి.లీ.
- గుబురు చెట్టు, గాలి ఆడని తోట: తేనెమంచు పురుగు, దాని వెనకే మసి. ఇమిడాక్లోప్రిడ్ లీటరుకు 0.3 మి.లీ. ఆకులకే కాదు, మొదలు బెరడుకు కూడా తగలాలి. పురుగు దాక్కునేది అక్కడే.
- పూత మీద వాన: మచ్చ తెగులు. వాన వెలిసిన రెండు రోజుల్లోపే కార్బెండజిమ్ లీటరుకు గ్రాము.

పిచికారీ వేళలు:
1. మొగ్గ కదిలి గెల రెండు అంగుళాలు సాగినప్పుడు, పువ్వు విచ్చకముందు.
2. పిందె బఠాణీ గింజంత అయ్యాక.

మధ్యలో, పువ్వు పూర్తిగా విచ్చి ఉన్నప్పుడు పురుగుమందు కొట్టకండి. మామిడిలో పరపరాగ సంపర్కం చేసేది ఈగలు, తేనెటీగలు. ఉదయం గెలల మీద వాలే ఈగల్ని మందుతో చంపేసి, తర్వాత పిందె కట్టలేదని బాధపడి లాభం లేదు. ఈ ఒక్క మాట విన్నా ఈ వ్యాసం రాసినందుకు నాకు సంతోషమే.

ఇక పండగ సంగతి. మొదటి పిచికారీ వేళ, సంక్రాంతి తరచుగా ఒకేసారి వస్తాయి. భోగి ముందు రోజు నుంచి కనుమ దాటేదాకా కూలీ దొరకరు. ఆ నాలుగైదు రోజుల్లో మంచు పడితే బూడిద తెగులు తోటంతా పాకుతుంది. జనవరి మొదటి వారంలోనే మందు కొని పెట్టుకోండి, స్ప్రేయరు బాగు చేయించండి, గెలల సైజు చూసి భోగికి ముందే కొట్టేయండి.

ఈ దశలో తోట దున్నకండి. పైన పరుచుకున్న సన్నవేళ్లు తెగుతాయి.

## 8. పిందె నిలబెట్టుకోవడం

పిందె బఠాణీ గింజంత అయిన రోజు నీళ్లు మొదలుపెట్టాలి. అంతకంటే ముందు కాదు. మూడు నెలలు ఎండిన చెట్టుకు ఒక్కసారి పాదు నిండా పోస్తే పిందె జలజలా రాలుతుంది. మొదటి తడి పలచగా ఇవ్వండి, తర్వాత పెంచుకుంటూ పోండి. పాదులకైతే నేలను బట్టి 10 నుంచి 15 రోజులకు ఒక తడి. కోతకు రెండు, మూడు వారాల ముందు ఆపేయండి.

పిందె రాలడం ఎక్కువగా ఉంటే ప్లానోఫిక్స్ అనే హార్మోను మందు 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. కలిపి కొట్టండి. కొలత దాటితే అదే మందు పిందెను రాలుస్తుంది కాబట్టి మూతతో పోయకండి, సిరంజితో కొలవండి.

మార్చి నుంచి:
- పాదుల్లో ఎండుగడ్డి, ఆకులు నాలుగు అంగుళాల మందం పరిస్తే తేమ ఆరదు, వేరు కాగదు.
- నిమ్మకాయ దాటి కోడిగుడ్డంత అయిన కాయలకు కాగితపు కవర్లు కట్టండి. పండు ఈగ, మంగు, ఎండదెబ్బ మూడూ తగ్గుతాయి. చేతికి అందే కొమ్మలతో మొదలుపెట్టండి.
- పండు ఈగను ఆకర్షించి పట్టే మిథైల్ యూజినాల్ బుట్టలు ఎకరానికి కనీసం నాలుగు కట్టండి.
- రాలిన కాయను రోజూ ఏరి గుంతలో పూడ్చండి. దాన్ని వదిలేస్తే బుట్టలు కట్టినా ఈగ తగ్గదు.

ఏప్రిల్, మే గాలిదుమారానికి అడ్డుకట్ట ముందే వేసుకోవాలి. గాలి వచ్చే దిక్కున సరుగుడు రెండు వరుసలు పెట్టి, వాటి వేళ్లు తోటలోకి రాకుండా మధ్యలో కందకం తీయండి.

## 9. తోట గుత్తకు ఇచ్చేవాళ్లు

మా వైపు చాలా తోటలు పూత మీదో పిందె మీదో గుత్తకు పోతాయి. దిగుబడి పడిపోవడానికి ఈ అలవాటు కూడా ఒక కారణం. గుత్తదారు ఒప్పందం జూన్‌తో ముగుస్తుంది. జులైలో కత్తిరింపు, ఎరువు అతనికి అవసరం లేదు. యజమాని ఊళ్లో ఉండడు. అలా ఆ రెండు నెలల పని ఎవరిదీ కాకుండా పోతుంది. పైగా ఒక్క ఏడాదే చేతిలో ఉన్నవాడు కల్టార్ మోతాదు పెంచి పిండుకోవాలని చూస్తాడు. మా బంధువుల తోట ఒకటి ఇలాగే రెండు గుత్తలకు గిడసబారింది, తేరుకోవడానికి ఏళ్లు పట్టింది.

కాగితం మీద రాయించుకోండి:
- గడువు కనీసం మూడేళ్లు. అప్పుడు జులై పని గుత్తదారుకూ లాభమే.
- కల్టార్ ఎవరు, ఎంత, ఎప్పుడు పోస్తారు. యజమానికి చెప్పకుండా పోయకూడదు.
- కత్తిరింపు, పశువుల ఎరువు ఖర్చు ఎవరిది.
- కొట్టిన ప్రతి మందూ తేదీతో నోటుబుక్కులో ఎక్కాలి.
- కాయ ముదరకుండా కోయకూడదు.

## 10. కోత

ఉగాదికి ముందు ధర బాగుంటుందని ముదరని కాయ దింపితే బరువు పోతుంది, మాగబెట్టినా రుచి రాదు. బంగినపల్లి ముదిరిందనడానికి గుర్తులు: తొడిమ చుట్టూ భుజాలు పైకి లేస్తాయి, ముదురు ఆకుపచ్చ లేత రంగుకు తిరుగుతుంది, బకెట్ నీళ్లలో వేస్తే కాయ మునుగుతుంది. ఒకేసారి తోటంతా దింపకుండా రెండు, మూడు కోతలు చేయండి.

- పొద్దున ఎండ ఎక్కకముందే కోయాలి.
- కత్తి ఉన్న చిక్కంతో నాలుగు వేళ్ల తొడిమ ఉంచి కోయాలి. కొమ్మ దులపకూడదు.
- తొడిమ తుంచి, కాయను బోర్లించి సొన కారనివ్వాలి. సొన పడిన చోట తొక్క నల్లబడుతుంది.
- కాయను నేల మీద కుప్ప పోయకుండా క్రేట్లలో నీడకు చేర్చాలి.
- కార్బైడ్ పొడి నిషేధం. మాగబెట్టడానికి ఇథిలీన్ గదులున్నాయి, లేదా గడ్డిలో వేసుకోండి.

చివరి క్రేటు బండెక్కిన రోజు సాయంత్రం ఏ చెట్టు ఎంత కాసిందో నోటుబుక్కులో రాయండి. మర్నాడు రంపం పదును పెట్టించండి.